నాలుగు చక్రాలూ లాగే బండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

సంఘం పెద్దలు నన్ను "జీవితంలో పైకి రావడం ఎట్లా" అనే విషయం మీద మాట్లాడమన్నారు. పొద్దుటి నుంచి ఆ విషయం మీద ముగ్గురు మాట్లాడారు, భోజనాల తర్వాత ఇంకా ఇద్దరున్నారు. నాకు తెలిసినవి రెండే: ఇనుము కోసే మిషన్లు, కార్లు. మిషన్ల గురించి చెబితే మీరు నిద్రపోతారు. కాబట్టి బయట వేపచెట్టు కింద నిలబెట్టిన నా నీలం కారు గురించి చెబుతానన్నాను. కార్యదర్శి గారు ముందు నవ్వారు, తర్వాత "పిల్లలు కదలకుండా వింటారులే" అని ఒప్పుకున్నారు.

ఇంకో కారణం కూడా ఉంది. ఆహ్వానపత్రం అందిన రోజు మన తెలుగు సారుకు ఫోన్ చేశాను. కుశల ప్రశ్నలయ్యాక సారు ఒక మాటన్నారు. "ఏం నాయనా, గంటకు రెండువందల యాభై పోయే బండి కొన్నావంట. మన దగ్గర నూరు దాటితే ఫైను వేస్తరు. మరి ఆ మిగతా నూటయాభై ఏం చేసుకుంటవు?" నవ్వి ఊరుకున్నాను గాని, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. సారు ఇక్కడే ఉన్నారు, జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

బండి పేరు బీఎండబ్ల్యూ ఎం340ఐ ఎక్స్‌డ్రైవ్. 2021 మార్చిలో మన దేశంలో విడుదలైంది. జర్మనీ పేరు గాని, బిగించింది చెన్నై ఫ్యాక్టరీలోనే. షోరూం ధర అప్పట్లో 62 లక్షల 90 వేలు. నేను అంత పెట్టలేదు. రెండేళ్లు నడిచిన బండిని 2023లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో ఉన్న పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి, బాలానగర్‌లో లేత్ మిషన్ మీద నెలజీతానికి చేరి, ముప్పయ్యేళ్ల తర్వాత సొంత షెడ్డు మీద మిగిలిన డబ్బుతో కొన్నది. లోను లేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, కిస్తీల మీద కొన్న వేగం మనిషిని నిద్రపోనివ్వదు. నా దగ్గర పనిచేసే కుర్రాళ్లకు కూడా ఇదే చెబుతాను.

ఇప్పుడు పిల్లలూ, కొంచెం సైన్సు. కొత్తకోటలోనో పెబ్బేరులోనో కమ్మరి కొలిమి చూసినవాళ్లు చేతులెత్తండి. (కొందరు ఎత్తారు.) తిత్తి ఊదితే బొగ్గు ఎందుకు భగ్గుమంటుంది? గాలి ఎక్కువ అందుతుంది కాబట్టి. ఇంజన్ కూడా అంతే. ఎంత గాలి లోపలికి పోతే అంత పెట్రోలు కాలుతుంది, అంత బలం వస్తుంది. మామూలు ఇంజన్ తనంతట తాను పీల్చుకున్న గాలితో సరిపెట్టుకుంటుంది. టర్బో అంటే ఇంజన్‌కు తగిలించిన తిత్తి. దాన్ని ఊదడానికి వేరే మనిషి అక్కర్లేదు, అదే తమాషా. సైలెన్సర్ దారిన వృథాగా పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు రెండో కొసన ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని ఒత్తి లోపలికి తోస్తుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే వస్తువది. మా షెడ్డులో అతి వేగంగా తిరిగే మిషన్ కూడా దాని ముందు ఎద్దుబండే.

ఈ ఇంజన్ 2,998 సీసీ, ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉంటాయి. బలం 387 హార్స్‌పవర్. మన ఊళ్లలో 50 హార్స్‌పవర్ ట్రాక్టరంటే మంచి బండి కింద లెక్క, ఇది ఏడెనిమిది ట్రాక్టర్ల పెట్టు. అయితే నన్ను కట్టిపడేసింది ఆ అంకె కాదు. వరుసగా ఉన్న ఆరు సిలిండర్లలో పిస్టన్ల కదలికలన్నీ కలిసి ఒకదానికొకటి సరితూగుతాయి. ఒకదాని అదురు ఇంకొకటి మింగేస్తుంది. అందుకే ఇంజన్ మీద రూపాయి బిళ్ల నిలబెట్టి చూపిస్తామనేవాళ్లుంటారు. ముప్పయ్యేళ్లు మిషన్ల అదురు తగ్గించడమే పనిగా బతికినవాణ్ణి. స్టార్ట్ చేయగానే ఆ సాఫీతనం విని "ఇది ఎవరో శ్రద్ధగా చేసిన పని" అనుకున్నాను. ఒక పనివాడికి ఇంకో పనివాడి మీద కలిగే గౌరవం అది. సారూ, మీ ప్రశ్నకు నా జవాబులో సగం ఇక్కడే ఉంది.

ఇక నాలుగు చక్రాలూ లాగడం. గద్వాల నుంచి వచ్చినవాళ్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నడిగడ్డలో వాన పడ్డాక నల్లరేగడిలోకి ట్రాక్టరు దింపితే ఏమవుతుందో మీకే బాగా తెలుసు. వెనక చక్రాలు రెండూ తిరుగుతూనే ఉంటాయి, బండి మాత్రం అంగుళం కదలదు. ముందు చక్రాలకు కూడా బలం అందే ట్రాక్టరయితే ఎట్లాగో గీరుకుంటూ బయటపడుతుంది. ఈ కారులో ఉన్నదీ ఆ సూత్రమే. మామూలప్పుడు బలంలో ఎక్కువ భాగం వెనక చక్రాలకు పోతుంది. వెనక చక్రం జారబోతోందని తెలియగానే, పలకల క్లచ్ ఒకటి బిగుసుకుని కొంత బలాన్ని ముందుకు మళ్లిస్తుంది. మనం రెప్ప వేసేలోపు ఇదంతా అయిపోతుంది.

ఎందుకింత హంగు అంటారా? కంపెనీ లెక్క ప్రకారం ఈ బండి 4.4 సెకన్లలో నూరు కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. నూరు అంటే సెకనుకు 27.8 మీటర్లు. 4.4తో భాగిస్తే త్వరణం 6.3 వస్తుంది. గురుత్వ త్వరణం 9.8 అని సైన్సు సారు చెప్పే ఉంటారు. అంటే బండి బరువులో దాదాపు మూడింట రెండు వంతుల బలాన్ని టైర్లు రోడ్డును పట్టుకుని తట్టుకోవాలి. రెండు చక్రాల మీదే ఆ భారమంతా వేస్తే అవి జారతాయి, నాలుగూ పంచుకుంటే పట్టు నిలుస్తుంది. మనకు పాఠం చెప్పినప్పుడు రాపిడి బలం పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. నాకు ఇప్పుడది ప్రతి మలుపులోనూ వచ్చే ప్రశ్న.

బండి ఇంటికి తెచ్చాక మా అమ్మ బీచుపల్లి అంజన్న దగ్గర పూజ చేయించాల్సిందేనని పట్టుబట్టింది. పూజారి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. ముందు చక్రాలతో పోయే కార్లకూ నాలుగే, వెనక చక్రాలతో పోయే లారీలకూ నాలుగే పెడతారు. నాలుగు నిమ్మకాయలకూ న్యాయం చేసిన బండి నాదొక్కటే అని అమ్మతో అంటే, "నెమ్మదిగ నడుపు, అదే న్యాయం" అంది.

మన రోడ్ల సంగతికి వస్తాను. హైదరాబాదు నుంచి వనపర్తికి సుమారు 150 కిలోమీటర్లు. షాద్‌నగర్ దాకా నగరం వదలదు. రాయికల్ టోలు దాటాక జడ్చర్ల, భూత్పూరు, కొత్తకోట. మన చిన్నప్పుడు రెండు వరుసల ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు నాలుగు వరుసల 44. వేగ పరిమితి నూరు. నూరులో ఈ బండి ఎనిమిదో గేరులో నిద్రపోతున్నట్టే ఉంటుంది. లీటరుకు పన్నెండు, పదమూడు కిలోమీటర్లు ఇస్తుంది. నగరంలో ఆరు, ఏడు వస్తే గొప్ప. పెట్రోలు హైదరాబాదులోనే నింపుకుని బయల్దేరతాను. పెట్రోలు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఇప్పుడు మామూలు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. అలాంటి ఇథనాల్ ఫ్యాక్టరీ మా ఊరి దగ్గర వద్దని 2025లో రాజోలి మండలం పెద్ద ధన్వాడ రైతులు రోడ్డెక్కారు. ట్యాంకు నింపిన ప్రతిసారీ ఆ ఊరు గుర్తుకొస్తుంది. ఈ వేదిక దానికి కాదు, ముందుకు పోతాను.

ఈ బండి సుఖం నాకు నిజంగా తెలిసేది హైవే మీద కాదు. వనపర్తి నుంచి గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూలు పోయే దారి లాంటి చోట తెలుస్తుంది. ముందు వేరుశనగ బస్తాల లారీ ఉంటుంది. ఎదురుగా దారి ఖాళీ అని పూర్తిగా కనిపించినప్పుడు, అరవై నుంచి తొంభైకి పోవడానికి ఈ బండికి రెండు సెకన్లు చాలు. ఎదుటి వరుసలో ఉండే సమయం తగ్గిపోతుంది. దాటేశాక మళ్లీ అరవైకే వస్తాను. కొనేముందు చాలామంది అడిగేది ఎంత పోతుందని. నేనయితే ఎంత తొందరగా మన వరుసలోకి తిరిగి వస్తుందో అడగమంటాను.

మరి ఎదురుగా కనిపించనివి? వానాకాలం పంటకూ యాసంగికీ సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, అంచుకు బండరాళ్లు పెడతారు. చీకటి పడ్డాక ఆ రాళ్లూ, వడ్ల మీద కప్పిన నల్ల పట్టాలూ రోడ్డు రంగులో కలిసిపోతాయి. పత్తి తీసే కాలంలో పొద్దున్నే పదిహేనుమంది ఆడవాళ్లను ఎక్కించుకున్న ఆటో పక్క దారిలోంచి ఒక్కసారిగా వస్తుంది. ఆ ఆటో డ్రైవరు ఎదురొచ్చే బండి అరవైలో ఉందనుకునే రోడ్డెక్కుతాడు, ఎందుకంటే ఆ రోడ్డు మీద బండ్లన్నీ అరవైలోనే వస్తాయి. మందలు ఉండనే ఉన్నాయి. మన పాలమూరు గొర్ల మందకు హారన్ కొడితే అది రెండుగా చీలిపోతుంది, ఇంకా ఆలస్యం. ఆపి, ఇంజన్ కట్టేసి, కాపరితో రెండు మాటలు మాట్లాడటమే దగ్గరి దారి.

ఇక్కడ నాలుగు చక్రాల బలం గురించి ఒక గట్టి మాట చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు చెప్పరు. నాలుగు చక్రాలూ లాగడం ముందుకు పోవడానికి మాత్రమే పనికొస్తుంది. ఆగడానికి దాని సాయం ఏమీ లేదు. ఆపేది బ్రేకులు, టైర్లు. మా అక్క పాత మారుతికీ నాలుగు చక్రాలకు బ్రేకులున్నాయి, నా బండికీ నాలుగు చక్రాలకే ఉన్నాయి. వానలో బయల్దేరేటప్పుడు జారకుండా పోతుంది కాబట్టి రోడ్డు బాగానే ఉందని మనసు నమ్మేస్తుంది. ఆ నమ్మకం బ్రేకు తొక్కిన క్షణంలో బయటపడుతుంది.

పిల్లలూ, ఈ లెక్క రాసుకోండి. అడ్డం వచ్చినదాన్ని చూసి కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒకటిన్నర సెకను అనుకుందాం. పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, గురుత్వ త్వరణంలో ఎనభై శాతం చొప్పున వేగం తగ్గుతుందనుకుందాం. నూరు వేగంలో ఉంటే బండి ఆగేలోపు సుమారు 90 మీటర్లు పోతుంది. నూటఇరవైలో 120 మీటర్లు. నూటఅరవైలో 190 దాటుతుంది. వేగం ఒకటిన్నర రెట్లు మించింది అంతే, దూరం రెండింతలు దాటింది. ఎందుకో ఇంటికి పోయి గతిశక్తి సూత్రం చూసి చెప్పండి. ఇప్పుడు రాత్రిపూట హెడ్‌లైటు కిందికి దించితే ఎంత దూరం కనిపిస్తుందో మీ నాన్న బండి మీద కొలవండి. 190 మీటర్లు కనిపించదు. 120 కూడా కనిపించదు. చీకట్లో అంత వేగంగా పోయేవాడు కనిపించని చోటికి పోతున్నాడన్నమాట.

2013 అక్టోబర్ 30 తెల్లవారుజాము మనలో ఎవరమూ మరిచిపోలేదు. పాలెం దగ్గర. బిజినేపల్లి పాలెం కాదు, కొత్తకోట పాలెం. బెంగళూరు నుంచి హైదరాబాదు పోతున్న బస్సు కల్వర్టును ఢీకొంది, డీజిల్ ట్యాంకు పగిలి మంటలంటుకున్నాయి. 45 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది మన జిల్లావాళ్లు కాదు. కానీ పోయింది మన గడప ముందు. ఆ దారిన పోయేటప్పుడు నా కాలు తనంతట తానే తేలికవుతుంది. పక్కన ఎవరన్నా కుర్రవాడు కూర్చుని ఉంటే ఎందుకని అడుగుతాడు, చెబుతాను. ఇప్పటి కుర్రవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

మా అక్క కొడుకు సంగతి కూడా చెప్పనివ్వండి. అక్క నన్ను తిట్టినా సరే, ఆమె ఈ సభలో లేదు. పోయిన ఏడాది నాగర్‌కర్నూలులో బంధువుల పెళ్లి. రాత్రి బరాత్ అయ్యాక పెళ్లికొడుకును తీసుకుని బిజినేపల్లి దాకా పోయి వస్తామని పదిమంది కుర్రాళ్లు తయారయ్యారు. మా అక్క కొడుకుకు ఇరవై ఒక్కటి, లైసెన్సు ఉంది, మందు ముట్టడు, మంచి పిల్లవాడు. "మామా, తాళాలియ్యి" అన్నాడు. ఇవ్వలేదు. వాడిలో లోపమేమీ లేదు. 387 హార్స్‌పవర్ల బండిలో వెనక ముగ్గురు "తొక్కు తొక్కు" అని అరుస్తుంటే, ఇరవై ఒకటిలో తొక్కకుండా ఉండగల మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. నలుగురిలో పరువు తీశావని అక్క అంది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతోంది గాని, ఆ బండి మాత్రం ఎక్కదు. నాగర్‌కర్నూలు నుంచి మా ఇంటికి ఆర్టీసీ బస్సులోనే వస్తుంది. బస్టాండు నుంచి తీసుకురావడానికి నా భార్య స్కూటీ మీద పోతుంది.

పిల్లవాణ్ణి మాత్రం చెన్నై తీసుకుపోయాను. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది. చుట్టు దాదాపు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. ఏడాదికి ఒకసారి సొంత కార్లతో వచ్చేవాళ్లకు అవకాశమిచ్చే రోజుల్లో నేను పోతాను. అక్కడ ఎదురు వచ్చేవాడు లేడు, గొర్రెలు లేవు, వడ్లు లేవు. మలుపు దగ్గర జెండా పట్టుకుని మనుషులుంటారు, అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. సారూ, ఆ మిగతా నూటయాభైని నేను ఖర్చుపెట్టేది అక్కడ.

అక్కడ నేర్పేవారు మొదట చెప్పేది ఎట్లా వేగంగా పోవాలో కాదు, ఎక్కడ బ్రేకు తొక్కాలో. మలుపులోకి పోయాక తొక్కితే ఆలస్యం. తిన్నగా ఉన్నప్పుడే వేగమంతా దించుకుని, మలుపు సగం దాటి బయటి దారి కనిపించాక, మెల్లగా బలం ఇవ్వాలి. అప్పుడు ముందు చక్రాలు కూడా లాగడం స్టీరింగులో చేతికి తెలుస్తుంది, బండి మలుపులోంచి ఎవరో లాగినట్టు బయటికి వస్తుంది. ఆ అనుభూతికి నా దగ్గర మాట లేదు. తెలుగు సారు దగ్గర ఉంటుందేమో. నాలుగు చుట్లు తిరిగేసరికి బ్రేకుల వాసన వస్తుంది, టైర్లు చేతికి అంటేంత మెత్తబడతాయి. అప్పుడు ఒక చుట్టు నెమ్మదిగా తిరిగి చల్లార్చుకోవాలి. పక్క సీటులో కూర్చున్న మా వాడు మొదటి చుట్టులో కేకలు వేశాడు, మూడో చుట్టుకు నోరు మూశాడు, దిగాక "మామా, ఇది అలసిపోయే పని" అన్నాడు. ఇంకా తాళాలు ఇవ్వలేదు. ఇరవై ఐదు రానీ, చూద్దాం.

మన దగ్గర ఈ బండికి తగిన దారి లేదా అంటే ఒకటుంది, అది వేగానికి కాదు. అచ్చంపేట దాటాక మన్ననూరు నుంచి శ్రీశైలం దారి. అమ్రాబాద్ పులుల అడవి కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లను వదలరు. ఆరు గంటలకు గేటు తీసే వేళకు చెక్‌పోస్టు దగ్గర ఉంటే, మంచులో నలభైలో పోతూ కిటికీలు దించుకోవచ్చు. ఈగలపెంట దాటి డ్యాం వైపు దిగే మలుపుల్లో, తడి రోడ్డు మీద, బండి ఎంత నిబ్బరంగా నిలబడుతుందో నలభైలోనే తెలుస్తుంది. కోతులకు బిస్కెట్లు వేయకండి. అవి రోడ్డు మీదికి రావడం నేర్చుకున్నది మన చేతుల నుంచే.

ఖర్చు సంగతి దాచను. ఈ టైర్ల అంచు పలచన, ఒక్క గుంత చాలు చీలిపోవడానికి. ముందు టైర్ల కన్నా వెనకవి వెడల్పు కాబట్టి అటూ ఇటూ మార్చుకుని వాడే వీలు లేదు. నాలుగింటి అరుగుదలలో తేడా ఎక్కువైతే ముందూ వెనకా బలం పంచే క్లచ్ దెబ్బతింటుంది. అందుకని ఒక్క టైరు పోయినా రెండు కొనాల్సి వస్తుంది. నాలుగూ మారిస్తే మంచి మోటారుసైకిల్ ధర. బండి కిందిభాగం తక్కువ ఎత్తు. ఊళ్లలో కొలత లేకుండా పోసిన స్పీడ్‌బ్రేకర్ల మీద ఐమూలగా, ఒక్కో చక్రం చొప్పున ఎక్కించాలి. వెనక ట్రాక్టరువాడు నవ్వుకుంటాడు, నవ్వనీ. ఎవరన్నా కొనాలనుకుంటే, ధర చూసి కాదు, ఏడాదికి అయ్యే ఖర్చు చూసి నిర్ణయించుకోండి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వేపచెట్టు దగ్గర బానెట్ తెరిచి పెడతాను. పదో తరగతి పిల్లలు నోటుపుస్తకాలతో రండి, సైన్సు సారు కూడా వస్తానన్నారు. కారు కింద ముందు చక్రాలకు పోయే ఇరుసు చూడటానికి చాప ఒకటి తెచ్చాను, పడుకుని చూడొచ్చు. టర్బో ఉన్న చోటు చూపిస్తాను గాని చెయ్యి పెట్టకండి. ఇంజన్ ఆపి చాలాసేపయినా అది కాలుతుంది.